బహ్రెయిన్‌కి నన్ను కాదు, మీ అమ్మను తీసుకుపో

బిడ్డా,

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కానీ నేను ఫోన్ ఎత్తితే చాలు మీ అమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది, అందుకే రాస్తున్నా. జనవరిలో బహ్రెయిన్ పోదాం, బాపూ నువ్వు కూడా రా, నువ్వు పని చేసిన చోట్లన్నీ చూపించు అన్నావు కదా. అల్లుడు అప్పుడే టికెట్ల రేట్లు కూడా చూశాడన్నావు. సంతోషమే. కానీ నేను రాను. నా టికెట్‌కు పెట్టే డబ్బులతో మీ అమ్మను తీసుకుపో.

ఎందుకంటావా? 1999లో నేను పోయినప్పుడు ఏజెంటుకు కట్టిన 60,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. అక్కడ జీతం 55 దినార్లు, అప్పటి లెక్కన ఆరు వేల పైచిలుకు. నేను పంపింది పంపినట్టే వడ్డీకి పోయేది. నువ్వు, తమ్ముడు తిన్నది, బడికి పోయింది మీ అమ్మ బీడీల డబ్బుల మీదే. ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. 13 ఏళ్ళు అట్లాగే గడిచాయి. మనామా, ముహర్రఖ్, సల్మాబాద్, సిత్రా అని ఆమె నోట ఆ పేర్లు కోరుట్ల, మెట్‌పల్లి అన్నంత సులువుగా వస్తాయి, ఏ క్యాంపు ఎక్కడుందో నాకంటే ఆమెకే బాగా గుర్తు. ఒక్కటీ కళ్ళతో చూడలేదు.

నేను చూశానా అంటే నేనూ చూడలేదు, అది వేరే సంగతి. వారానికి ఒక్క శుక్రవారం సెలవు, ఆ రోజు బట్టలు ఉతుక్కుని, ఫోన్ కార్డు గీకి మీతో పది నిమిషాలు మాట్లాడి, సాయంత్రం మనామా సూక్‌లో, అంటే బజారులో, మనోళ్ళు కనబడితే మాట్లాడుకుని రావడమే. కంపెనీ బస్సులో ఆలి అనే ఊరి మీదుగా పోయేటప్పుడు రోడ్డు పక్కన మట్టి కుప్పలు వందలకొద్దీ కనపడేవి. ఏదో సైటు వాళ్ళు పోసిన మట్టి అనుకున్నా, చాలా ఏళ్ళు అట్లాగే అనుకున్నా. అవి నాలుగు వేల ఏళ్ళ నాటి సమాధులట, దిల్మున్ అని అక్కడి పాత నాగరికత కాలంవి, 2019లో యునెస్కో జాబితాలో పెట్టారని మొన్న నువ్వు పంపిన వీడియోలో చూసి తల పట్టుకున్నా.

సరే, ప్లాన్. నువ్వు పంపిన లిస్టు చూశా. రెండు మాల్స్, వాటర్ పార్కు, ఫార్ములా వన్ సర్క్యూట్. మాల్స్ హైదరాబాద్‌లో లేవా? సర్క్యూట్ మాత్రం పోయేటప్పుడు బయటి నుంచి చూపించు. 2004లో మొదటి రేసు జరిగింది, దానికి ముందు ఏడాది అక్కడ షట్టరింగ్ కొట్టినవాళ్ళలో మీ బాపు కూడా ఉన్నాడని మీ అమ్మకు తెలుసు.

శుక్రవారం, శనివారం అక్కడ ఉండేటట్టు పెట్టుకోకు. అవి అక్కడి సెలవు రోజులు. సౌదీ నుంచి 25 కిలోమీటర్ల వంతెన మీద కార్లు బారులు తీరి వస్తాయి, హోటల్ రేట్లు పెరుగుతాయి. పెద్ద మసీదు, అదే అల్ ఫతే, శుక్రవారం సందర్శకులకు ఉండదు. ఆదివారం దిగి గురువారం పొద్దున బయల్దేరితే నయం. దేశం మొత్తం ఆ కొస నుంచి ఈ కొసకు యాభై కిలోమీటర్లు, జగిత్యాల నుంచి కరీంనగర్ అంత, కాబట్టి నాలుగు రోజులు ధారాళంగా సరిపోతాయి. జనవరిలో చలి ఉంటుంది బిడ్డా, నవ్వకు, గాలి సముద్రం మీద నుంచి కొడుతుంది, అమ్మకు స్వెట్టర్ పెట్టు. ఎండాకాలం మాత్రం ఎవరు చెప్పినా పోవద్దు. 2007లో జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయట పని చేయించకూడదని సర్కారు ఆర్డరు తెచ్చింది. అంతకుముందు ఎండాకాలాల్లో ఇనుప రాడ్డు ముట్టుకుంటే చేతి తొడుగులు దాటి కాలేది.

ముందు ముహర్రఖ్. విమానం దిగేది ఆ దీవిలోనే. పాత ఊళ్ళో ముత్యాల బాట అని మూడున్నర కిలోమీటర్లు నడిచి చూసేటట్టు చేశారు. 2012లో, నేను తిరిగొచ్చిన ఏడాదే, యునెస్కో గుర్తింపు వచ్చింది. మొత్తం నడిపించకు, అమ్మ మోకాళ్ళు నీకు తెలుసు, ముత్యాల వ్యాపారులు సియాదీ వాళ్ళ పాత ఇల్లు ఉన్న వైపు కొంచెం తిప్పు చాలు. మా సైటు పక్కన చాయ్ హోటల్‌కి ఒక ముసలాయన వచ్చేవాడు, బొంబాయి తిరిగినవాడు, నాకంటే మంచి హిందీ మాట్లాడేవాడు. వాళ్ళ నాన్న సముద్రంలో మునిగి ముత్యపు చిప్పలు ఏరేవాడట. మునిగేవాణ్ణి ఘైస్ అంటారు. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్ట, ఊపిరి బిగబట్టి దిగడమే. పైన పడవలో తాడు పట్టుకుని లాగేవాడు సైబ్. ఎండాకాలం నాలుగు నెలలూ పడవ మీదే ఉండాలి. పడవ పెద్దను నఖుదా అంటారు, ఆయన ముందే అడ్వాన్సు ఇస్తాడు, సీజన్ అయ్యాక లెక్క చూస్తే ఎప్పుడూ బాకీయే తేలేది. తండ్రి చచ్చిపోతే ఆ బాకీ కొడుకు మీద పడేదట. ఆయన చాయ్ తాగుతూ ఇదంతా చెబుతుంటే నాకు మన నూటికి మూడు రూపాయల కాగితం గుర్తుకొచ్చి నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. మనల్ని మించినోళ్ళు ముందే ఉన్నారు అనుకున్నా. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలొచ్చి ఆ వ్యాపారం కూలిపోయింది. సరిగ్గా అప్పుడే, 1932లో, జబల్ దుఖాన్ అనే గుట్ట దగ్గర నూనె పడింది. గల్ఫ్‌కు అరబ్బుల వైపు మొట్టమొదటి నూనె బావి అదే. అది పడకపోతే మాలాంటోళ్ళం అక్కడికి పోయేవాళ్ళమే కాదు.

ఒక జాగ్రత్త. హైదరాబాద్‌లో బస్రా ముత్యాలు అని చెప్పుకునేవి ఆ గల్ఫ్ నీళ్ళలో దొరికినవే. బహ్రెయిన్‌లో పెంపుడు ముత్యాల అమ్మకం నిషేధం, అసలైనవే అమ్మాలి, కాబట్టి రేటు వింటే గుండె ఆగుతుంది. చూపించు, కొనకు. 1 దినారు ఇప్పుడు 220 రూపాయలు దాటింది. దినారుకు వంద ఫిల్స్ కాదు, వెయ్యి ఫిల్స్, చిల్లర తీసుకునేటప్పుడు లెక్క చూసుకో.

ముహర్రఖ్‌లోనే హల్వా చేసే పాత అంగళ్ళున్నాయి. కుంకుమపువ్వు, బాదం, జీడిపప్పు వేసి జిగటగా చేస్తారు. నేను సెలవు మీద వచ్చినప్పుడల్లా తెచ్చేవాణ్ణి, గుర్తుందా? అమ్మకు షుగర్, అయినా అక్కడ వేడిగా ఒక్క చెంచా తిననివ్వు. ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది కానీ మీరు ఆ రోజు అక్కడ ఉండరు కాబట్టి ఇబ్బంది లేదు. మనామా సూక్ లోపల ఇడ్లీ, దోశ, భోజనం అన్నీ దొరుకుతాయి. అక్కడే సందుల్లో శ్రీనాథ్‌జీ గుడి ఉంది, సింధ్ నుంచి వచ్చిన వ్యాపారులు రెండు వందల ఏళ్ళ కిందట కట్టుకున్నది. నా మొదటి దీపావళి ఆ గుడి మెట్ల దగ్గరే గడిచింది, అమ్మకు ఉత్తరంలో రాశాను కూడా. కొబ్బరికాయ కొట్టించు.

ఇక అసలుది. కారు తీసుకుని ఒక సాయంత్రం దక్షిణం వైపు ఎడారిలోకి పొండి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, అల్లుడికి ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలి, చెప్పు. చుట్టూ ఇసుక, నూనె పైపులు, మధ్యలో ఒక్కటే పెద్ద చెట్టు. నాలుగు వందల ఏళ్ళదని చెబుతారు, పేరు షజరత్ అల్ హయాత్, జీవవృక్షం. నేను ఒక్కసారే చూశా, పక్కన సైటు పనికి పంపితే. దగ్గరికి పోయి కొమ్మ చూస్తే సన్న సన్న ఆకులు, చిన్న ముళ్ళు. జమ్మి, బిడ్డా! మన జమ్మి చెట్టే, మన రాష్ట్ర వృక్షం. చుట్టుపక్కల చుక్క నీరు కనపడదు, వేరు ఎంత లోతుకు పోయిందో ఏమో. అప్పుడు ఇక్కడ దసరా. ఊళ్ళో అందరూ జమ్మి ఆకు పంచుకుని బంగారం అంటూ అలయ్‌బలయ్ తీసుకుంటుంటారని గుర్తొచ్చి, కింద రాలిన ఆకులు నాలుగు ఏరి, కోరుట్ల అతను ఇంటికి పోతుంటే కవర్లో పెట్టి పంపా. మీ అమ్మ నమ్మలేదు. అరబ్బుల దేశంలో జమ్మి ఎక్కడిది, మన బైపాస్ పక్కన అతనితో ఏరించి ఇప్పించావు అంది. ఇప్పటికీ అంటుంది, మొన్న దసరాకు కూడా అంది. ఇప్పుడు ఆ చెట్టు చుట్టూ గోడ కట్టారు, ఆకు తెంపొద్దు, ఊరికే చూపించు. ఆమె మొహం ఒక ఫొటో తీసి నాకు పంపు.

నేను ఎందుకు రానంటే, వస్తే ప్రతి బిల్డింగు ముందు ఆగి ఇది మేం కట్టాం అంటూ మీ ప్రాణం తీస్తా. ఇంకోటి, మా కంపెనీ చివరి నాలుగు నెలల జీతం ఇవ్వకుండానే పంపేసింది, అది తలుచుకుంటే నాకు మూడ్ పాడవుతుంది. మీ సెలవు ఎందుకు పాడు చేయాలి?

వీసా మాత్రం వాళ్ళ సర్కారు సైట్లోనే ఆన్‌లైన్లో పెట్టుకోండి. ఏజెంటు అన్న మాట మన ఇంట్లో మళ్ళీ వినపడకూడదు. కానీ ముందు అమ్మకు పాస్‌పోర్టు కావాలి. ఆమె ముందు వద్దే అంటుంది. నాకెందుకు, మీరు పోండి, బర్రెను ఎవరు చూస్తారు అంటుంది. బాపు చూస్తాడని చెప్పు. పాలు పిండడం ఆయనకు రాదంటుంది, అది నిజమే, పక్కింటి వదినను అడిగి పెట్టా, పొద్దున, సాయంత్రం వచ్చి పిండుతానంది.

ఆధార్‌లో ఆమె ఇంటిపేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంది. అది సరిచేయించడానికి ఎల్లుండి జగిత్యాల తీసుకుపోతున్నా. బీడీ పింఛను పని ఉందని చెప్పా. నువ్వు ఫోన్ చేసినప్పుడు నోరు జారకు.

మీ బాపు