తెల్లమచ్చలు ఎవరివి?

సంపాదకుడు గారికి,

మాది భీమవరం దగ్గర వెనామీ రొయ్యలు పెంచే కుటుంబం. ఇంట్లో అందరికీ కలిపి పెద్ద ఫోను ఒక్కటే. అందులో ‘తెల్లమచ్చలు’ అని వెతికితే రొయ్యల జబ్బు గురించే వస్తుంది. నా అవసరం ఇట్టే కనిపెట్టినందుకు మొదట్లో మురిసిపోయాను. కిందటి నెల మా కోడలు మనవరాలి బుగ్గ మీది మచ్చల కోసం అదే మాట వెతికితే ఆమెకూ రొయ్యలే వచ్చాయి. ‘మామయ్యగారూ, పాపను చెరువులో పెంచుతున్నామనుకుంటోంది’ అని నవ్వింది.

నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది. తెల్లమచ్చల వైరస్‌కు మందు లేదు. వైరస్ లేదని పీసీఆర్ పరీక్షలో తేలిన రొయ్య పిల్లనే చెరువులో వేసుకోవాలి, పక్షులూ పీతలూ చెరువులోకి రాకుండా చూసుకోవాలి, అంతే. మా గట్టు అవతలి రైతు ఫోనులో ఈ సంగతి మొదటి వరుసలోనే ఉంది. అదే మాటకు నా ఫోనులో ముందు మందులు అమ్మేవారు, అసలు సంగతి ఎక్కడో అడుగున. పోయిన పంటలో మందుల ధరలు తెగ వెతికిన పాపం అనుకుంటున్నాను. రుజువు చేయలేను. అలా రుజువు చేయలేకపోవడమే నా ఫిర్యాదు: ఏది అందరికీ చూపేదో, ఏది నా కోసం పైకి తెచ్చిందో తెర మీద గుర్తేమీ లేదు.

ఖాతాలోకి వెళ్లకుండా, అంటే లాగిన్ కాకుండా వెతికితే సరి అనేవారున్నారు. గూగుల్ 2009 డిసెంబరులోనే అలాంటివారికి కూడా, ఆ బ్రౌజరులో 180 రోజుల వెతుకులాటను బట్టి ఫలితాల వరుస మార్చడం మొదలుపెట్టింది.

అలాగని మనిషిని బట్టి ఫలితాలు మార్చడం మొత్తం తీసేయమనను. వరద రోజుల్లో ‘బ్యారేజీ నీటిమట్టం’ అంటే మాకు ధవళేశ్వరం లెక్క రావాలి గానీ కృష్ణా సంగతి ఎందుకు? ఉన్న ఊరిని బట్టి మార్చడం వేరు, పాత వెతుకులాటను బట్టి మార్చడం వేరు. రెండిటినీ ఒకే ముడి వేయకూడదు.

పెద్ద సెర్చ్ ఇంజిన్లు ఏది ముందు చూపాలో సిఫారసు చేస్తే, మనిషి వివరాలతో పని లేని మార్గం ఒకటైనా ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ 2022లో తెచ్చిన డిజిటల్ సేవల చట్టం చెబుతోంది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమ్మతి నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలుండాలంది. ఆ మార్గం, ఈ భాష ఒక్కచోటికి రావాలి. ‘నా పాత వెతుకులాట లేకుండా చూపు’ అనే మీట ఫలితాల నెత్తిమీదే, తెలుగులో ఉండాలి. సెట్టింగుల్లో ఏడు గదుల అవతల కాదు.

ఆ మీట నొక్కాక ‘కోత’ అని వెతికిన రైతుకు కరెంటు కోత వార్తలు రావచ్చు. ఇంకో మాట చేర్చుకుని మళ్లీ వెతుక్కుంటాం. మా కోడలు ఇప్పటికే ‘పిల్లల బుగ్గల మీద తెల్లమచ్చలు’ అని పూర్తిగా టైపు చేస్తోంది.

– ఒక రొయ్యల రైతు, భీమవరం