కాళ్ల వాపుకు మరో బిళ్ల వద్దు

సంపాదకులకు,

బీపీకి మన దగ్గర బాగా వాడే బిళ్ల అమ్లోడిపిన్. సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, బీపీ దిగకపోతే 10 చేస్తారు. 10 వేసుకునేవారిలో కొందరికి సాయంత్రమయ్యేసరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. నీరు చేరిందనుకుని మందుల షాపులో నీటి బిళ్ల, అంటే ఫ్యూరోసెమైడ్, అడిగి తెచ్చుకుంటారు. ఈ వాపు దానికి లొంగేది కాదు.

అమ్లోడిపిన్ సన్నటి ధమనుల గోడల్లోకి కాల్షియం పోకుండా ఆపుతుంది. గోడలు వదులై దారి వెడల్పవుతుంది, బీపీ దిగుతుంది. రక్తం తిరిగి వెళ్లే సిరలు మాత్రం అంతగా వెడల్పు కావు. పైన తూము పూర్తిగా ఎత్తి, కింద మురుగు కాలువ పూడిపోయి ఉంటే మడి ఏమవుతుందో పెన్నా ఆయకట్టు రైతుకు చెప్పక్కర్లేదు. నీరు పక్కలకు ఊరుతుంది. ఒంట్లో నీరు పెరగలేదు, చోటు మారిందంతే. నీటి బిళ్ల ఉప్పునూ నీటినీ మూత్రంలోకి తోడేస్తుంది గానీ ఈ ఊటను ఆపదు.

రోహిణి కార్తెలో అసలే చెమటతో ఉప్పు పోతుంటుంది. దాని మీద నీటి బిళ్ల పడితే సోడియం, పొటాషియం తగ్గి, పెద్దవాళ్లు మంచం దిగగానే కళ్లు తిరిగి పడిపోతారు, మాట తడబడుతుంది. వాపు పోలేదు, కాళ్లు లాగుతున్నాయని తర్వాత డైక్లోఫెనాకో, అసిక్లోఫెనాకో నొప్పి బిళ్ల తెచ్చుకుంటారు. బీపీకే ఇచ్చే మరో బిళ్ల టెల్మిసార్టాన్ కూడా వాడుతున్నవారికి అసలు ప్రమాదం ఇక్కడే. నీటి బిళ్ల రక్తంలో నీటిని తగ్గిస్తుంది. నొప్పి బిళ్ల కిడ్నీ జల్లెడకు రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. ఇక వడపోతకు ఒత్తిడి ఎక్కడుంటుంది? కనిగిరి వైపు కిడ్నీ బాధితులు ఎందరో పత్రికలవారికి తెలిసిందే. అక్కడ ఈ మూడూ ఒకరి చేతిలో పడకుండా చూడటం మరీ ముఖ్యం.

చేయాల్సింది బిళ్ల కలపడం కాదు, మార్చడం. డాక్టర్లు తరచూ అమ్లోడిపిన్ 10ని 5కి దించి టెల్మిసార్టాన్ 40 జతచేస్తారు. అది సిరల వైపు దారిని కూడా వదులు చేస్తుంది కాబట్టి వాపు తగ్గుతుంది. మర్నాటికే పోదు, అమ్లోడిపిన్ ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది. వారం, పది రోజులు చూడాలి. అయితే ఆయాసం, వెల్లకిలా పడుకోలేకపోవడం, పొద్దున్నే ముఖం ఉబ్బడం, ఒక్క కాలే వాయడం ఉంటే నెపం బిళ్ల మీద వేయకూడదు. గుండె, కిడ్నీ, రక్తం గడ్డ ఏదైనా కావచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గుండె బలహీనతకు డాక్టరే రాసిన నీటి బిళ్లను ఈ ఉత్తరం చూసి మానేయకండి.

దగ్గు సంగతీ ఇంతే. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడేవారిలో కొందరికి కఫం లేని పొడి దగ్గు పట్టుకుంటుంది. ఎన్ని సిరప్ సీసాలు తాగినా ఆగదు, మందు మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది. పెదాలు, నాలుక వాస్తే మాత్రం ఆ బిళ్ల ఇంకొక్కటి కూడా వేసుకోకుండా క్యాజువాల్టీకి పరుగెత్తాలి.

ఉప్పు తగ్గించమంటే కొందరు సోడియం తక్కువ ఉప్పు కొంటున్నారు. అందులో సోడియం బదులు ఉండేది పొటాషియం క్లోరైడ్. టెల్మిసార్టాన్ వాడుతూ కిడ్నీ దెబ్బతిన్నవారికి అది గుండె లయ తప్పించగలదు. దానికన్నా ఎండు నెత్తళ్లు, ఊరగాయ తగ్గించడం మేలు, మన జిల్లాల్లో అది కష్టమేననుకోండి.

బీపీకి, గుండె వేగం తగ్గడానికి ఇచ్చే అటెనలాల్, మెటోప్రొలాల్ వాడేవారు నీరసంగా ఉందని ఒక్కసారిగా ఆపకూడదు. అణిగి ఉన్న గుండె వేగం ఎగదన్ని ఛాతీ నొప్పి, గుండెపోటు దాకా పోవచ్చు. డాక్టర్లు ఒకటి రెండు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

షాపుకు ఏ కొత్త బాధతో వెళ్లినా ఇంట్లో వాడుతున్న బిళ్లల పట్టీలన్నీ పట్టుకెళ్లండి. షాపువాళ్లు కూడా నీటి బిళ్ల, నొప్పి బిళ్ల తీసిచ్చే ముందు “బీపీకి ఏం వాడుతున్నారు?” అని ఒక్క మాట అడగాలి.

— ఫార్మసిస్టులు, కావలి