మన చెరువు సంఘం వార్షిక నివేదిక, 2023-24

సభ్యులందరికీ నమస్కారం.

2023 జూన్ నుంచి 2024 మే దాకా సంఘం చేసిన పనులు ఇందులో రాస్తున్నాం. జమాఖర్చుల పుస్తకం సర్వసభ్య సమావేశంలో అందరి ముందు చదివాం కాబట్టి ఆ లెక్కలు మళ్లీ ఇవ్వడం లేదు. ఈసారి ఎక్కువ చోటు ఒక ప్రశ్నకే ఇచ్చాం. ఎండాకాలం ట్యాంకర్ దగ్గర బిందెలు వరస కట్టినప్పుడు చాలామంది అడిగారు: "డిసెంబరులో తుఫాను వాన పడింది కదా, ఆ నీళ్లన్నీ ఏమైపోయాయి?"

దానికి జవాబు ఆగస్టు నుంచి మొదలుపెట్టాలి. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద వాన సాధారణం కంటే 36 శాతం తగ్గింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు. మనకూ బెట్ట పట్టింది. ముందు వాడింది కంది, పత్తి చేలు. పైనేలలో పదును రెండు మూడు వారాలకే ఆరిపోతుంది. అప్పటికింకా చెరువులో నీళ్లున్నాయి, బోర్లు పోస్తున్నాయి, కుళాయి దగ్గర ఎవరికీ టెన్షన్ లేదు. కరువు వచ్చిన సంగతి మెట్ట రైతుకు తప్ప మిగతా ఊరికి తెలియలేదు. మేమూ ఆ రోజుల్లోనే మేలుకోవాల్సింది, మేలుకోలేదు.

తర్వాత హస్త, చిత్త కార్తెలు కూడా ముఖం చాటేశాయి. అప్పుడు దెబ్బ చెరువుకు తగిలింది. కురిసిన కొద్దిపాటి జల్లుల్ని ఎండిన నేలే తాగేసింది, వాగులోకి చుక్క రాలేదు. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానతో నేల తడిసింది, చెరువులోకి కొంత నీరు చేరింది. కానీ చెరువు నిండి అలుగు పారలేదు. నాలుగు నెలల లోటును రెండు రోజుల వాన తీర్చలేదు. వానమాని (వాన కొలిచే పరికరం) లెక్కలో లోటు తగ్గినట్టు కనిపించినా భూమి లోపల లోటు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి. వానలు ఆగిపోయాక గుండ్లకమ్మ నదిలో గానీ మన వాగులో గానీ పారేవి ఊట నీళ్లు. గట్ల వెంబడి భూమిలో దాగిన నీరు కొంచెం కొంచెంగా ఊరి వాగులోకి వస్తుంది. మన పడమటి ప్రాంతంలో కింద గట్టి రాయి. నీరు నిలిచేది పైన చివికిపోయిన రాతి పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే. ఆ చోటు చిన్నది, త్వరగా ఖాళీ అవుతుంది. చెరువు తూము మూసేసరికి అందరూ బోర్ల మీద పడ్డారు. భూగర్భ నీటిమట్టం వాగు అడుగు కంటే కిందికి దిగితే ఊట ఆగడమే కాదు, వాగులో మిగిలిన నీటిని కూడా భూమి లాక్కుంటుంది. ఇసుకలో తీసిన చలమల్లో నీరు రోజురోజుకీ లోతుకు పోవడం ఆడవాళ్లు మాకంటే ముందే గమనించారు. వాళ్లు చెప్పినప్పుడు వెంటనే పట్టించుకోకపోవడం మా పొరపాటు. ఇంకా లోతుకు బోరు వేస్తే నీరు దొరికినా, కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో బోరు నీటిలోని ఫ్లోరైడ్ చేస్తున్న కీడు మనందరికీ తెలిసిందే.

ఇలా ఆగస్టులో చేనులో మొదలైన కరువు చెరువు, వాగు, బోరు దాటుకుని ఎండాకాలానికి బిందె దగ్గరికి వచ్చింది. వెళ్లేటప్పుడూ అదే వరస. తొలకరికి చేను పచ్చబడుతుంది గానీ, బోరు కోలుకోవడానికి నెలలు పడుతుంది.

తూర్పున సాగర్ కుడి కాలువ కింద ఉన్న మన బంధువులది ఇంకో కథ. వాళ్ల నీళ్లు మహారాష్ట్ర, కర్ణాటకల్లో పడే వాన. 2023లో కృష్ణ ఎగువన వరద సరిగా రాక సాగర్ నిండలేదు. మనకు అలాంటి పెద్ద నది ఆసరా కూడా లేదు. నల్లమలలో, మన చేలలో పడినదే మన నీరు.

ఇక పనులు. ఎగువ వాగు కాలువలో కంపచెట్లు కొట్టించాం. తూము దగ్గర పూడిక తీసి, మట్టిని అడిగిన రైతుల చేలకు తోలించాం. బడి ఆవరణలో వానమాని పెట్టాం. ఎకరా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లని పిల్లలు లెక్కగట్టి చూపించినప్పుడు పెద్దవాళ్లు కూడా ఆశ్చర్యపోయారు.

చెరువులో మోటార్లు పెట్టి తోడే విషయంలో గొడవ జరిగింది. దాచడం లేదు. తాగునీటి కోసం మిగిల్చిన నీటిని కొందరు రాత్రిళ్లు మిరపకు పెట్టారు. ఎండిపోతున్న పైరును చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా రెండు సమావేశాల తర్వాత మోటార్లు తీయించాం. ఒప్పుకున్న రైతులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి సభ్యులు ఒప్పుకున్న నిర్ణయం ఇది. చెరువు కొలబద్ద, రెండు ఊటబావుల నీటి లోతు ప్రతి ఆదివారం పుస్తకంలో రాయాలి. ఆగస్టు నెలాఖరుకు చెరువు సగానికి చేరకపోతే రబీలో వరి వేయం, తూము నీరు తక్కువ తడులతో పండే ఆరుతడి పైర్లకే ఇస్తాం. కొలతలు రాయడానికి ఎనిమిది మంది కావాలి, ఐదుగురు పేర్లిచ్చారు. మిగతా ముగ్గురి కోసం పుస్తకం రామాలయం అరుగు మీద ఉంచాం.