హెడ్డింగులో ఎలుక ఏమైందండీ?

ఎడిటర్ గారికి నమస్కారమండి. మాది ఉండి దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. మొన్న ఆదివారం మీ పేపర్లో కిడ్నీ రిజెక్షన్ (అంటే మార్చిన కిడ్నీని ఒళ్ళు ఒప్పుకోకపోవడం) ఇక మూత్రపరీక్షతోనే తెలిసిపోతుందని ఇంతేసి అక్షరాలతో వేశారు. మా తమ్ముడికి అమ్మ కిడ్నీ ఇచ్చి మూడేళ్ళయింది, ఈమధ్య రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.3 నుంచి 1.9కి ఎక్కితే డాక్టరు గారు బయాప్సీ, అంటే సూదితో కిడ్నీలో చిన్న ముక్క తీసి పరీక్ష, చెయ్యాలన్నారు, వాడేమో మీ పేపర్ పట్టుకొచ్చి ఇంక సూది అక్కర్లేదంట అన్నయ్యా అని కూర్చున్నాడు.

వాడి భయం వాడిదండి. కిందటిసారి పొత్తికడుపులో గుచ్చినప్పుడు ఆ సూది స్ప్రింగు టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ చెప్తాడు, తర్వాత ఆరుగంటలు కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు.

ఫార్మసీ చదివే మా అమ్మాయి వెతికి చూస్తే అసలు సంగతి తేలింది. 2019లో అమెరికాలో జార్జియా టెక్ అనే యూనివర్సిటీ వాళ్ళు చేసిన పని అది. ఒక ఎలుక చర్మం ఇంకో ఎలుకకి అతికించి దాని ఒంట్లోకి నానో కణాలు (కంటికి ఆనని అతి చిన్న రేణువులు) ఎక్కించారు. రిజెక్షన్ మొదలైతే టి కణాలనే తెల్ల రక్తకణాలు గ్రాంజైమ్ బి అనే ఎంజైమ్ వదుల్తాయి, అది ఆ నానో కణాలకి తగిలించిన చిన్న ప్రొటీన్ ముక్క, అంటే పెప్టైడ్‌ని కత్తిరిస్తుంది, తెగిన ముక్కలు మూత్రంలోకొచ్చి వెలుగుతాయి, చర్మం పాడవకముందే తెలిసిపోతుందన్నమాట. గొప్ప పనే, కాదన్ను. మా చెరువులో రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోయిందంటే ఏదో తేడా వచ్చిందని ముందే తెలుస్తుంది, చచ్చిన రొయ్యలు గట్టుకి కొట్టుకొచ్చేదాకా ఆగితే ఇంకేం మిగలదు. క్రియాటినిన్ ఆ గట్టున తేలే రొయ్యలాంటిదే, దెబ్బ తగిలాకే పెరుగుతుంది.

కానీ అది ఎలుకండి, అందులోనూ చర్మం, కిడ్నీ కూడా కాదు. పైగా ఆ ముక్కలు మూత్రంలోకి రావాలంటే వడకట్టాల్సింది కిడ్నీయే కదా, దెబ్బతిన్న కిడ్నీయే వడకడితే లెక్క ఎంతవరకు నమ్మొచ్చు అని నాలాంటోడికే డౌటొచ్చింది, మీ విలేకరికి రాలేదా?

ఇంకోటి చదివి ఆశ్చర్యపోయాను. ఎలుకకి గుండె మార్చేటప్పుడు దాని సొంత గుండె తియ్యరంట, రెండోది పొట్టలో కుడతారు, రోజూ వేలుతో పొట్ట నొక్కి కొట్టుకుంటుందో లేదో చూస్తారంట. సూదీ లేదు కోతా లేదు, కాకపోతే కొట్టుకోవడం ఆగాక తెలిసి ఏం లాభం, అందుకే ఈ కొత్త పద్ధతుల కోసం తిప్పలు. ఇవన్నీ రాస్తే మేం చదవమా?

మనుషుల్లో ఇప్పటికే వాడుతున్న రక్తపరీక్ష ఒకటుంది, దాత కిడ్నీ నుంచి రక్తంలోకి ఊడిపడే డీఎన్ఏ ముక్కల్ని కొలుస్తారు. అలాంటిది మన దగ్గర ఎక్కడ చేస్తారో, ఎంతవుతుందో కనుక్కుని రాయండి, మాబోటి వాళ్ళకి పనికొస్తుంది. ఈసారి హెడ్డింగులో ఎలుక అని కూడా వెయ్యండి, మూడక్షరాలేగా.

తమ్ముణ్ణి ఎలాగో ఒప్పించాను, గురువారం విజయవాడ తీసుకెళ్తున్నాను.

- ఒక రొయ్యల రైతు, పశ్చిమగోదావరి జిల్లా