తోక ఉందా, ముసుగు ఉందా?

విశాఖపట్నం

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో నిన్ను కంగారు పెట్టాను. ఉత్తరాఖండ్‌లోని చమోలీ పూలలోయ జాతీయ పార్కు నుంచి నువ్వు పంపిన ఫొటోలో, నీ గుప్పెట్లో ఆ ఊదా పూల కంకి చూడగానే నాకు చెమటలు పట్టాయి. అందుకే ముందు చేతులు కడుక్కోమన్నాను.

అది వసనాభి తల్లీ. మొక్కంతా విషమే, దుంపలో మరీ ఎక్కువ. ఆ విషం చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరగలదు. నువ్వు డెల్ఫీనియం అనుకున్నావు. రెండూ ఒకే కుటుంబానివి, రెండింటి ఆకులూ చేతివేళ్లలా చీలి ఉంటాయి, పొరపడటం సహజమే. పువ్వును పక్కనుంచి చూడు. డెల్ఫీనియానికి వెనకవైపు తోకలాంటి సన్నని గొట్టం పొడుచుకుని ఉంటుంది. వసనాభికి పై రేకు ముసుగులా ముందుకు వంగి మిగతా పువ్వును కప్పేస్తుంది. ఏదైనా సరే, జాతీయ పార్కులో పువ్వు కోయకూడదు. ఇక కోయవని నాకు మాట ఇవ్వు.

నీకు గుర్తుందా, వినాయక చవితి పత్రి కోసం సింహాచలం కొండ పక్కకు వెళ్లినప్పుడు శంఖపుష్పం తీగ తెచ్చి విష్ణుక్రాంత దొరికిందని గంతులు వేశావు. రెండూ నీలమే కదా అని నీ వాదన. అప్పుడు నేలమీద పాకుతున్న అసలు విష్ణుక్రాంతను చూపించాను. గోరంత పువ్వు, ఆకు మీద పట్టులాంటి నూగు. శంఖపుష్పానికి చిక్కుడు జాతి పువ్వు, కాయ. ఆ రోజు నువ్వు చాలాసేపు ఆ నూగును వేలితో నిమురుతూ కూర్చున్నావు. ఆ చూపు ఇప్పుడు కావాలి. రంగును నమ్మవద్దు, ఫోను ఊదాను కూడా నీలంగా చూపిస్తుంది.

ఇకపై ఒక్కో పువ్వుకు ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి, ఆకుతో సహా ఫొటోలు తియ్యి.

నీ రెండో ఫొటోలో రాళ్ల మధ్య ఉన్న లేతనీలం పువ్వు మీదే నా మనసంతా ఉంది. నాలుగు రేకులు, నడుమ పసుపు కేసరాల గుత్తి. హిమాలయాల నీలి గసగసాల పువ్వేమో అనిపిస్తోంది. మన వీధి చివర పసుపుగా పూసే బ్రహ్మదండికి అది చుట్టమే. కానీ పైనుంచి తీశావు, కాడ కనిపించడం లేదు. మళ్లీ అటు వెళితే, కాడమీదా ఆకులమీదా ముళ్లున్నాయేమో చూసి వెంటనే రాయి.

అమ్మ