డిఫెండర్ పేరు కూడా వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఫుట్‌బాల్ మ్యాచ్ వార్త మన తెలుగు పత్రికల్లో ఎలా వస్తోందో ఒకసారి చూడండి. ఎవరు గోల్ కొట్టారు, ఏ నిమిషంలో కొట్టారు, పక్కన చేతులు చాచి పరుగెత్తుతున్న ఫొటో. తొంభై నిమిషాలూ గోల్‌కీపర్ ముందు వెనక వరుసలో నిలబడి గోల్ పడకుండా కాపు కాసిన డిఫెండర్ ఊసే ఉండదు. ఎర్రకార్డు చూస్తేనో, సొంత గోల్‌లోకి బంతి పోతేనో తప్ప అతని పేరు అచ్చులోకి రాదు. ఇది నాకు అన్యాయంగా తోస్తోంది.

ఎస్టోనియా డిఫెండర్ రాగ్నర్ క్లావాన్ సంగతే తీసుకోండి. ఆ దేశం మొత్తం జనాభా 13 లక్షల చిల్లర, మన విశాఖ నగరం కన్నా తక్కువ. 1985లో విల్యాండి అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి జింటార్ కూడా దేశం తరఫున ఆడినవాడే. నెదర్లాండ్స్‌లో హెరాక్లెస్, ఏజెడ్ అల్క్‌మార్, తర్వాత జర్మనీలో ఆగ్స్‌బర్గ్ క్లబ్బులు, ఇలా ఒక్కో మెట్టే ఎక్కాడు. 2014-15లో ఆగ్స్‌బర్గ్ జర్మనీ అగ్ర లీగ్ బుండెస్‌లిగాలో ఐదో స్థానంలో నిలిచి, క్లబ్ చరిత్రలో తొలిసారి యూరప్ పోటీలకు వెళ్లింది. ఆ జట్టు వెనక వరుసలో నిలకడగా నిలబడ్డవాడు క్లావాన్. 2016 వేసవిలో సుమారు 42 లక్షల పౌండ్లకు ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ అతన్ని కొనుక్కుంది. అప్పటికే ముప్పై ఏళ్లు. ఇంగ్లండ్ అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ లెక్కన చాలా చౌక బేరం.

ఇక 2018 జనవరి 1. సుమారు 7.5 కోట్ల పౌండ్లతో, డిఫెండర్‌కు అప్పటిదాకా ఎవరూ పెట్టని ధరతో, వర్జిల్ వాన్ డైక్ అధికారికంగా లివర్‌పూల్‌లో చేరిన రోజది. అదే రోజు బర్న్‌లీలో ఆ ఊరి క్లబ్‌తో లివర్‌పూల్ మ్యాచ్. 87వ నిమిషంలో బర్న్‌లీ గోల్ కొట్టడంతో స్కోరు 1-1 అయింది. టెన్షన్ పెరిగిపోతుండగా తొంభై నిమిషాల తర్వాత కలిపిన సమయంలో, 94వ నిమిషంలో, లివర్‌పూల్‌కు ఫ్రీకిక్ దొరికింది. గాల్లో వచ్చిన బంతిని సహచరుడు లోవ్రెన్ తలతో గోల్ ముందుకు మళ్లించాడు. అక్కడే కాచుకుని ఉన్న క్లావాన్ దాన్ని తలతోనే లోపలికి నెట్టేశాడు. లివర్‌పూల్ గెలిచింది. ప్రీమియర్ లీగ్‌లో ఎస్టోనియా ఆటగాడు కొట్టిన తొలి గోల్ అదే.

గోల్ కొట్టాడు కాబట్టే ఆ రోజు హెడ్డింగుల్లోకి ఎక్కాడు. కానీ లివర్‌పూల్‌కు ఆడిన 53 మ్యాచ్‌లలో అతను కొట్టినవి రెండే గోల్స్. మిగతా పనంతా వేరు. ఎదుటి జట్టు ఫార్వర్డ్‌ను గోల్ వైపు తిరగనివ్వకుండా సైడ్ లైన్ దాకా తోసుకుపోవడం, పాస్ ఎటు వస్తుందో ముందే పసిగట్టి కాలు అడ్డం పెట్టడం, పక్కవాడు ముందుకు వెళితే ఆ ఖాళీలోకి జరగడం. బెంచీ మీద కూర్చోబెట్టినా పిలిచిన రోజున సిద్ధంగా ఉండేవాడు. లివర్‌పూల్ అభిమానులు ఇప్పటికీ అతని పేరు ఇష్టంగా తలుచుకుంటారు. స్వదేశంలోనైతే చెప్పనే అక్కర్లేదు. జాతీయ జట్టుకు కెప్టెన్‌గా చేశాడు, వందకు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఏటా ఇచ్చే ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు చాలాసార్లు. ఇటలీలో కాలియారీ క్లబ్‌కు ఆడాక 2021లో మళ్లీ తన దేశ లీగ్‌కే తిరిగి వెళ్లాడు. నాకైతే అతని మీద గౌరవం మరింత పెరిగింది.

పెద్ద పెద్ద వ్యాసాలు వేయమని అడగడం లేదు. మ్యాచ్ వార్త చివర వెనక వరుస ఎలా ఆడిందో రెండు వాక్యాలు చాలు. భారత జట్టు ఆడినప్పుడు సందేశ్ జింగన్ లాంటి డిఫెండర్లు ఎన్ని దాడులు ఆపారో కూడా చెప్పండి. జిల్లా స్కూల్ టోర్నీల వార్తల్లో గోల్ కొట్టిన పిల్లల పక్కన డిఫెన్స్‌లో ఆడిన పిల్లల పేర్లూ వేయండి. పేపర్లో తమ పేరు చూసుకుని ఇంట్లో చూపించుకోవాలని వాళ్లకూ ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, కాకినాడ