సంఘం వార్షిక నివేదిక: మోళ్లు చిగురించిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు నివేదిక ఇవ్వాలన్న నియమం ఉంది కాబట్టి రాస్తున్నాను. ఆ నియమం లేకపోయినా ఈసారి రాసేవాణ్ణే, ఎండలో పనిచేసినవాళ్ల కష్టం ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి కదా. బోడిగా మారిన మన వాలును, బీడును మళ్లీ పచ్చగా చేసుకోవడానికే సంఘం పెట్టుకున్నామని మీకు మళ్లీ చెప్పక్కర్లేదు.

ముందుగా ధన్యవాదాలు. రాళ్లు తోలడానికి ట్రాక్టర్ ఇచ్చి డీజిల్ కూడా తామే పోయించుకున్న సభ్యులకు, పశువుల ఎరువు పోగుచేసి గుంతల దాకా మోసుకొచ్చిన మహిళా బృందం అక్కలకు, గట్టు మీద రాళ్లు ఎలా పేర్చాలో కుర్రాళ్లకు ఓపిగ్గా నేర్పిన పెద్దలకు, అన్నిటికంటే ముఖ్యంగా వాలు మీదికి మందను తోలబోమని మాటిచ్చి ఆ మాట నిలబెట్టుకున్న మేకల కాపరులకు సంఘం రుణపడి ఉంది. కాపరులు సహకరించకపోతే ఈ నివేదికలో రాయడానికి ఏమీ ఉండేది కాదు, ఇది అతిశయోక్తి కాదు.

పనుల సంగతి. వానలకు ముందే పై వాలు మీద సమతల రేఖల (ఒకే ఎత్తులో సాగే గీతల) వెంట కందకాలు, రాతి కట్టలు పూర్తయ్యాయి. మూడు కర్రలు కట్టి, మధ్యలో దారానికి రాయి వేలాడదీసిన ఏ-ఫ్రేమ్‌తోనే మట్టం చూసుకున్నాం. దారం అడ్డకర్ర మీది గుర్తు దగ్గర ఆగితే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు, అక్కడ సున్నం వేసి ముందుకు జరగడమే. కింద గట్టిపొర కట్టిన బీడులో మూరెడు వెడల్పు కూడా లేని గుంతలు తీసి, జానెడు లోతున ఎరువు వేసి వదిలేశాం. ఎరువు వాసనకు చెదలు వచ్చి అడుగున సన్నని దారులు చేస్తాయి, తొలి వాన పడగానే నీళ్లు పక్కకు జారిపోకుండా ఆ దారుల్లోంచి లోపలికి దిగుతాయి. పశ్చిమాఫ్రికా దేశం బుర్కినా ఫాసోలో యకూబా సవడోగో అనే రైతు 1980లలో అక్కడి పాత జాయ్ గుంతలనే (వాన నీళ్లు పట్టే చిన్న గుంతలు) కాస్త పెద్దవి చేసి, ఎండాకాలంలోనే తవ్వి ఎరువు వేసి, పంట పండని నేలలో పంట తీశాడు. ఆయన 2023లో చనిపోయాడు. మన గుంతల్లో వేసిన విత్తనం ఎలా వచ్చిందో మీరే వచ్చి చూడండి, చుట్టుపక్కల నేల ఇంకా బోడిగానే ఉంది కాబట్టి తేడా దూరం నుంచే తెలుస్తుంది.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మోళ్ల పని. దీనికోసం మొక్క కొనలేదు, నీళ్లు మోయలేదు. ఎప్పుడో నరికేసిన చెట్ల వేళ్లు నేలలో బతికే ఉన్నాయి, ఏటా పిలకలు వేస్తాయి, మేకలు కొరికేస్తాయి, నాగలికి తెగిపోతాయి, చూసేవాళ్లకు అదొక తుప్ప. ఆ తుప్పలో నిటారుగా, బలంగా ఉన్న నాలుగైదు పిలకలు ఉంచి మిగతావి మొదలంటా కోసేసి, ఉంచినవాటికి కింది సగం వరకు పక్క కొమ్మలు తీసేస్తే చాలు. కత్తి పదునుగా ఉండాలి, వేటు కింది నుంచి పైకి పడాలి, పై నుంచి కొడితే బెరడు చీలుతుంది. కొన్ని నెలలకోసారి వెళ్లి కొత్త పిలకలు తీసేస్తుండాలి. పశ్చిమాఫ్రికాలోని నైజర్ దేశంలో ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో 1983 నుంచి రైతులతో కలిసి ఈ పద్ధతినే ప్రచారం చేశాడు, అక్కడ దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగొచ్చాయని అంచనా. ఆయనకూ సవడోగోకూ 2018లో ‘ప్రత్యామ్నాయ నోబెల్’ అని పిలిచే రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది.

జూన్ 17న, ఎడారీకరణ, కరువులపై పోరాట దినం నాడు, పక్క ఊళ్ల రైతుల్ని పిలిచి ఇదంతా చూపించాం. ప్రసంగాలు పెట్టలేదు. మన సభ్యురాలు ఒకామె కత్తి పట్టుకుని ఏ పిలక ఉంచాలో, ఏది కోయాలో చేసి చూపించి, తర్వాత కత్తి వచ్చినవాళ్ల చేతికే ఇచ్చింది. మధ్యాహ్నానికి వెళ్లిపోదామని వచ్చినవాళ్లు సాయంత్రం దాకా ఉండి, ఒకరి కోతకు ఇంకొకరు వంకలు పెడుతూ వాదించుకుంటుంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అదే రోజు రావాల్సిన అధికారులు రాలేదు. తర్వాత వచ్చిన ఫారంలో ఎన్ని మొక్కలు నాటారన్న గడి ఉంది, ఎన్ని మోళ్లు బతికించారన్న గడి లేదు. నాటిన మొక్క ఎండిపోయినా లెక్కలోకి వస్తుంది, వేరు నుంచి లేచిన చెట్టు రాదు, ఇది చాలా అన్యాయం. కోసిన కొమ్మల మీద, గడ్డి మీద రైతుకు హక్కు ఉందని రాసివ్వమని అడిగిన దరఖాస్తుకూ జవాబు లేదు. నైజర్‌లో పొలంలోని చెట్టు కూడా ప్రభుత్వానిదే అన్నంతకాలం ఎవరూ పెంచలేదు, 1980లలో ఆ పట్టు సడలాకే రైతులు కాపాడుకోవడం మొదలుపెట్టారు. హక్కు తేలకపోతే మన దగ్గరా అంతే, అందుకే మళ్లీ అడుగుతాం.

సభ్యులతోనూ ఒక మాట. రిజిస్టర్‌లో సంతకాలు చాలా ఉన్నాయి, కందకాల దగ్గర మాత్రం ప్రతిసారీ అవే ముఖాలు. పని చేయలేనివాళ్ల గురించి కాదు నేను అంటున్నది. ఫోన్ ఎత్తనివాళ్లు, వాన పడ్డాక వచ్చి గడ్డిలో వాటా అడిగినవాళ్ల గురించి. ఆ వాటా మేకల కాపరులతో చేసుకున్న ఒప్పందం ప్రకారమే పంచాం: కోసి మోసుకెళ్లాలి, మందను తోలకూడదు, పనికి వచ్చినవాళ్లకు ముందు. కొమ్మల కట్టెలు మహిళా బృందానికి వెళ్లాయి, వంటచెరకు కోసం దూరం నడిచే బాధ కొందరికైనా తగ్గింది.

జమాఖర్చులు ఆడిటర్ చూశారు, పట్టిక జత చేశాం, సందేహాలుంటే కోశాధికారిని సమావేశంలో అడగండి.

వచ్చే ఎండాకాలంలో కింది వాలు మీద అర్ధచంద్రాకారపు కట్టలు వేయాలి, తెరిచిన వైపు ఎగువకు ఉండాలి. గుంతలైనా కట్టలైనా వానకు ముందే పూర్తి కావాలి, కాబట్టి ఎవరు ఏ వారం రాగలరో సమావేశానికి వచ్చేటప్పుడే రాసి తెచ్చి ఇవ్వండి. ఆ కాగితం చూసుకునే పనుల పట్టిక వేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి